ముద్రణా కళ తప్పా? వుడ్‌కట్‌లో బొమ్మ చెక్కుతామా?

సందేహం: మాస్టారూ, మాది విజయనగరం. ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. కొత్తగా చేరేవాళ్ల కోసం ప్రింట్‌మేకింగ్ (పలక మీదో రేకు మీదో బొమ్మ సిద్ధం చేసి కాగితం మీద అచ్చు తీసే కళ) గురించి తెలుగులో చిన్న పరిచయం రాయమన్నారు. ‘ముద్రణా కళ’ అని రాస్తే తప్పన్నారు, నిజమేనా? వుడ్‌కట్‌కీ ఎచింగ్‌కీ కూడా ‘బొమ్మ చెక్కాను’ అనవచ్చా? ప్రింట్ కింద 3/20 అని వేస్తాం కదా, అది తెలుగులో ఎలా చెప్పాలి?

సమాధానం: తప్పే. ‘ముద్రణ కళ’ అని రాయండి. సంస్కృతంలో ఇది ‘ముద్రణం’, నపుంసకలింగం. సమాసంలో దీనికి దీర్ఘం రాదు. రచన, ప్రార్థన అక్కడ ఆకారాంత స్త్రీలింగాలు కాబట్టి రచనాశైలి, ప్రార్థనామందిరం సరైనవే. ‘ముద్రణాలయం’ చూసి చాలామంది పొరబడతారు. అందులోని దీర్ఘం ‘ఆలయం’ వల్ల, సవర్ణదీర్ఘసంధి వల్ల వచ్చింది. ‘ముద్రణా యంత్రం’, ‘శిక్షణా తరగతులు’ కూడా ఇలాంటి తప్పులే.

మీ రెండో సందేహం నాకు చాలా నచ్చింది. క్రియ సరిగ్గా పడితే పద్ధతి సగం అర్థమైపోతుంది.

వుడ్‌కట్ చెక్క పలక మీద చేసే పని. అందులో మీరు బొమ్మను చెక్కరు, బొమ్మ చుట్టూ చెక్కుతారు. తాటిచెట్టు వేస్తున్నారనుకోండి. ఆకు చీలికలు నల్లగా పడాలంటే ఒక్కో చీలికకీ రెండు పక్కలా ఉలితో చెక్క తీసేయాలి, చీలికను మాత్రం ముట్టుకోకూడదు. ఆపైన రోలర్‌తో ఇంకు పూస్తే ఎత్తుగా మిగిలిన చోటే అంటుతుంది. చెక్కిన చోటు కాగితం మీద తెల్లగా ఉంటుంది. కాబట్టి ‘పలక చెక్కాను’ అనండి, ‘బొమ్మ మిగిల్చి చుట్టూ చెక్కాను’ అంటే ఇంకా మంచిది. చెక్కకు బదులు లినోలియం షీటు మీద చేసే లినోకట్‌కీ ఇదే మాట.

ఎచింగ్ దీనికి పూర్తిగా తిరగబడ్డ పని. రాగిరేకుకో జింకు రేకుకో మైనం, తారు కలిపిన పూత వేసి సూదితో గీస్తారు. గీసిన చోట పూత పోయి లోహం బయటపడుతుంది. ఆసిడ్ అక్కడే తింటుంది. తర్వాత పూత తీసేసి రేకంతా ఇంకు పూసి, పైపైన తుడిచేస్తారు. గీతల్లో దిగిన ఇంకు అలాగే ఉండిపోతుంది. తడిపిన కాగితం వేసి ప్రెస్‌లో నడిపితే ఆ కాగితం గీతల్లోకి వెళ్లి ఇంకును తెచ్చుకుంటుంది. ఇక్కడ ‘గీశాను, ఆసిడ్ తినిపించాను’ అనాలి. ‘చెక్కాను’ అన్నది ఆసిడ్ లేకుండా పనిముట్టుతోనే లోహాన్ని తొలిచే ఎన్‌గ్రేవింగ్‌కి సరిపోతుంది.

మన ముఖలింగం ప్రాంతాన్ని ఏలిన గాంగ రాజుల తామ్రశాసనాలూ రాగిరేకుల మీద చెక్కినవే. అయితే వాటిని రేకు మీదే చదవాలి కనక అక్షరాలు తిన్నగా ఉంటాయి. మీ రేకు మీద ఉన్నది కాగితం మీద అద్దంలోలా తిరగబడి పడుతుంది. అందుకే దాని మీద పేరు రాయాలంటే మాత్రం ఎడమ కుడి తారుమారు చేసి రాయాలి. ఈ మాట పరిచయంలో తప్పక చెప్పండి, కొత్తవాళ్లు పొరపాటు పడేది అక్కడే.

లితోగ్రఫీని ‘శిలాముద్రణ’ అనడం ఉంది. తప్పు కాదుగానీ, వినగానే రాతిని చెక్కుతారేమో అనిపిస్తుంది. 1796లో బవేరియాలో సెనెఫెల్డర్ కనిపెట్టిన ఈ పద్ధతిలో చెక్కడమే లేదు. జిడ్డు క్రేయాన్‌తో రాతి మీద గీస్తారు, రాతిని తడుపుతారు. జిడ్డు ఉన్న చోట ఇంకు పడుతుంది, తడి ఉన్న చోట పట్టదు. అందుకే ‘లితోగ్రఫీ’ అని ఉంచేసి, జరిగే పనిని తెలుగులో చెప్పండి. స్క్రీన్ ప్రింటింగ్‌కి వివరణ అక్కర్లేదు, పెళ్లికార్డుల వల్ల అందరికీ తెలుసు. ‘అద్దకం’ మాత్రం బట్టకే వదిలేయండి. పెడనలో దిమ్మను బట్ట మీదికి తెచ్చి అద్దుతారు, మీరు కాగితాన్ని పలక మీదికి తెచ్చి ఒత్తుతారు.

పద్ధతుల పేర్లకు కొత్త సంస్కృత సమాసాలు కట్టకండి. చిత్తూరు జిల్లాలో పుట్టి పారిస్‌లో పనిచేసిన కృష్ణారెడ్డి గారు పేరు తెచ్చిన విస్కాసిటీ ప్రింటింగ్ ఉంది కదా. ‘నూనె ఎక్కువ తక్కువలు చేసి, చిక్కని ఇంకూ పల్చని ఇంకూ ఒకే రేకు మీద వేసి, ఒకేసారి రంగుల బొమ్మ తీయడం’ అని రాస్తే చాలు, ఎవరికైనా తెలుస్తుంది. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది ఇలాంటి తెలుగు కోసమే.

ఇక 3/20. ‘ఇరవైలో మూడో ప్రతి’ అనండి. ‘నకలు’ అని మాత్రం రాయకండి. శ్రీకాకుళం వారైన వడ్డాది పాపయ్య గారు రంగులతో వేసిన బొమ్మ పత్రిక ముఖచిత్రంగా వస్తే, అది అచ్చైన నకలు. అసలు బొమ్మ వేరే ఉంది. మీ ఎచింగ్‌కి అలాంటి అసలు వేరే లేదు, ఆ ఇరవై కాగితాలూ అసళ్లే. ఆర్టిస్టు తన కోసం తీసి పెట్టుకునే వాటిని ‘ఆర్టిస్ట్ ప్రూఫ్’ అనే రాయండి. ప్రూఫ్ అన్న మాట మన అచ్చాఫీసుల్లో ఎప్పట్నుంచో ఉన్నదే.