అమ్మమ్మగారి పందిరి మంచం ఫ్లాట్‌లో పడుతుందా?

ప్రశ్న: అమ్మమ్మ తన టేకు పందిరి మంచం నన్ను తీసుకెళ్లమంటోంది. మేముండేది అయిదో అంతస్తులో. లిఫ్టులో పట్టదు కాబట్టి మంచం కోళ్లు (కాళ్లు) కోసి పొట్టి చేద్దామని వడ్రంగి అంటున్నాడు. చేయించమంటారా?
– పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: దయచేసి కోయించకండి. ఆ మంచం విప్పి మోయడానికి వీలుగా చేసిందే. కోళ్లను కలిపే పట్టె చివర కుసి, అంటే పొడుచుకొచ్చిన నాలుకలాంటి ముక్క ఉంటుంది, కోడులో దానికి తగ్గ బెజ్జం ఉంటుంది, రెండూ కలిసిన చోట అడ్డంగా కొయ్య చీల దిగి ఉంటుంది. పందిరి స్తంభాలు కూడా చాలా మంచాల్లో కోళ్ల మీద విడిగా కూర్చుంటాయి.

ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. తర్వాత ప్రతి అతుకు దగ్గరా లోపలి వైపు పెన్సిల్‌తో పట్టె మీద 1, కోడు మీద 1, అలా 8 వరకూ అంకెలు వేయండి. సుద్దముక్క వద్దు, దారిలో చెరిగిపోతుంది. చేత్తో చెక్కినవి కనక ఒక కుసి ఇంకో బెజ్జంలో సరిగ్గా కూర్చోదు. అంకెలు లేకపోతే బిగించేవాడు కుసిని చెక్కేస్తాడు, ఇక ఆ మంచం జన్మంతా కిర్రుమంటూనే ఉంటుంది.

చీలకి ఒక కొస సన్నం. ఆ వైపు నుంచి కొయ్య సుత్తితో మెల్లగా కొట్టాలి. కదలకపోతే పాతకాలపు వజ్రం జిగురు (పశువుల తోలు, ఎముకలతో కాచేది) పట్టేసి ఉండొచ్చు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను అతుకు చుట్టూ పది నిమిషాలు ఉంచండి, అవసరమైతే మళ్లీ చేయండి, మెత్తబడుతుంది. మధ్యలో ఎవరైనా ఫెవికాల్ పెట్టి ఉంటే అంత తేలిగ్గా రాదు, బలవంతం చేస్తే కుసి విరుగుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి అతుకులు బిగుసుకుంటాయి, ఈ పని ఎండలు ముదిరాక పెట్టుకోండి.

మళ్లీ బిగించాక అతుకు వదులైతే మేకు కొట్టనివ్వకండి. మేకు చెక్కను చీలుస్తుంది, తుప్పు పట్టి నల్లటి మరక వేస్తుంది. కుసికి పల్చటి టేకు చెక్క పేడు అతికిస్తే చాలు. అన్నట్టు, పందిరి ఎత్తూ ఫ్యాన్ రెక్కల ఎత్తూ ముందే కొలుచుకోండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ప్రశ్న: నాన్నగారి భోషాణం కింద రోజూ తెల్లటి పొడి రాలుతోంది. చెదా? పాలిష్ వేయిస్తే ఆగుతుందా?
– పాఠకుడు, తణుకు

జవాబు: మామూలు చెద అయితే మట్టి గూడు కడుతుంది. పిండిలాంటి పొడి, గుండుసూది తలంత రంధ్రాలు కనిపిస్తే అది పుచ్చు పురుగు. టేకు చేవ (లోపలి ముదురు చెక్క) జోలికి రాదు, అంచుల్లో మిగిలిన లేత చెక్కనే తింటుంది. అందుకే పెట్టె మొత్తం పోయిందని కంగారు పడొద్దు.

పాత పొడి తుడిచి, కింద నల్ల కాగితం పరచండి. రెండు వారాల్లో మళ్లీ పొడి రాలితే పురుగు బతికే ఉంది. రంగుల దుకాణంలో దొరికే చెక్క పురుగు మందును ఇంజెక్షన్ సిరంజితో ఒక్కో రంధ్రంలోకి ఎక్కించండి. చేతికి తొడుగు, తలుపులు బార్లా తెరిచి, దగ్గర్లో పొయ్యి లేకుండా. పొడి రాలడం పూర్తిగా ఆగాకే లప్పం, పాలిష్. ముందే పాలిష్ వేస్తే లోపలి పురుగు తింటూనే ఉంటుంది, మందు దిగే దారే మూసుకుపోతుంది.

పాలిష్ పేరుతో చిత్రిక పట్టించకండి. ఆ ముదురు రంగు పైపొరలోనే ఉంది, ఒకసారి గీకేస్తే తిరిగి రాదు. కనపడని మూల స్పిరిట్ చుక్క వేసి చూడండి. జిగటగా మారితే అది లక్క పాలిష్, దాని మీద పల్చగా మళ్లీ లక్క పాలిషే వేయించొచ్చు.

ప్రశ్న: తాతగారి రోజ్‌వుడ్ పడక కుర్చీ అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపొచ్చా?
– పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు వయసు తేల్చుకోండి. నూరేళ్లు దాటిన పనితనమున్న వస్తువు 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు కింద రావచ్చు, అలాంటిది సొంతంగా దేశం దాటించడం నేరం. అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి పత్రం తీసుకోండి. రోజ్‌వుడ్, అంటే మన ఇరుగుడు, 2017 నుంచి సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో కూడా ఉంది. చెక్క బరువు 10 కిలోలు దాటితే దానికీ అనుమతి కావాలి. టేకు కుర్చీ అయితే ఈ రెండో చిక్కు ఉండదు.