డైట్‌లో (జిల్లా ప్రభుత్వ టీచర్ శిక్షణ సంస్థలో) చేరబోయే చిన్నికి

చిన్నీ,

ఇంటర్ కాగానే డీఈఎల్ఈడీకి, అదే పాత డీఎడ్ అనే రెండేళ్ల టీచర్ శిక్షణకు, ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రాస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఇంజనీరింగ్ అనలేదు, నర్సింగ్ అనలేదు, చిన్నపిల్లల బడే కావాలన్నావట. నాకెంత సంబరమైందో రాయను, రాస్తే నెత్తికెక్కుతావు. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. ‘ఏదైనా ప్రైవేటు కాలేజీలో నాన్-అటెండింగ్ కింద, క్లాసులకు పోకుండా, చేరిపోయి, ఆ రెండేళ్లూ హైదరాబాదులో ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి కోచింగ్ తీసుకోమన్నాడక్కా తమ్ముడు’ అంది. సంబరం అక్కడే ఆగిపోయింది. ఫోన్‌లో చెబుదామంటే ‘సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా’ అంటూ పక్కన ఇంకేదో చూస్తుంటావు. అందుకని రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

దరఖాస్తు సంగతి ముందు తేల్చేస్తా. ఇంటర్‌లో 50 శాతం మార్కులుండాలి (ఎస్సీ, ఎస్టీలకు 45), నీకున్నాయి. సెప్టెంబరు 1 నాటికి 17 ఏళ్లు నిండాలి, నిండుతాయి. పేరూ ఇంటిపేరూ పదో తరగతి మెమోలో ఎట్లా ఉంటే అట్లాగే, పొల్లు తేడా లేకుండా నింపు. ఫోన్ నంబరు నీదే ఇవ్వాలి. తొందరలో నెట్ సెంటర్ అబ్బాయి తన నంబరు కొట్టేస్తాడు, తర్వాత మెసేజీలన్నీ అతనికే పోతాయి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో ఇప్పుడే పెట్టు. చదివిన ప్రతి బడి నుంచీ బోనఫైడ్ తెచ్చుకో, లోకల్ ఎవరో నాన్-లోకల్ ఎవరో తేలేది వాటితోనే. మీ నాన్న బదిలీల పుణ్యమా అని నువ్వు తిరిగిన బళ్లు తక్కువేం కాదు, సెలవుల్లో హెడ్‌మాస్టర్లు దొరకరు.

పరీక్ష వంద మార్కులు, రెండు గంటలు, కంప్యూటర్ మీద. తెలుగు, లెక్కలు, సోషల్ ఇరవై చొప్పున. ఫిజికల్ సైన్సు, బయాలజీ, ఇంగ్లీషు పదేసి. మిగతా పది జనరల్ నాలెడ్జికీ, టీచింగ్ ఆప్టిట్యూడ్‌కీ. ఇంటర్ పుస్తకాలు అటకెక్కించి హైస్కూలు పుస్తకాలు దింపు. 35 వస్తే అర్హత వచ్చినట్టే గానీ సీటు వచ్చినట్టు కాదు. ప్రభుత్వ డైట్‌లో కూర్చోవాలంటే ర్యాంకు కావాలి. లెక్కలంటే నీకున్న భయం నాకు తెలుసు. రోజూ ఉదయం అవే ముందు పట్టుకో.

ఇక అసలు సంగతి, మీ మామది.

వాడికి కోపం వస్తే రానీ. మన ఇంట్లో వాడొక ఆదర్శం. చదివింది ప్రైవేటు డీఎడ్ కాలేజీలో. డబ్బు కట్టాడు, పరీక్షలప్పుడు కనిపించాడు, లెసన్ ప్లాన్లూ రికార్డులూ ఎవరో డబ్బు తీసుకుని రాసిపెట్టారు. మిగిలిన కాలమంతా కోచింగ్. డీఎస్సీలో మంచి ర్యాంకు తెచ్చుకున్నాడు, ఇంటిల్లిపాదీ మిఠాయిలు పంచాం. అందులో అబద్ధమేం లేదు. కోచింగ్ వాడికి ఉద్యోగం తెచ్చిపెట్టింది.

కానీ పోస్టింగ్ ఏకోపాధ్యాయ పాఠశాలకు పడింది. ఒకే గది, ఒకటి నుంచి ఐదు దాకా అందరూ అందులోనే. ఒకటో తరగతి వాడు ఏడుస్తుంటాడు, మూడో తరగతి వాడు పలక పగలగొడతాడు, ఐదో తరగతి పిల్ల ‘సార్, అయిపోయింది, ఇప్పుడేం చెయ్యాలె’ అంటుంది. పిల్లల ఆలోచన ఎట్లా ఎదుగుతుందో చెప్పే పియాజె సిద్ధాంతం మీద బిట్లన్నీ కరెక్టుగా పెట్టినవాడికి, ఆ ఏడ్చే పిల్లవాడికి ఏం పని ఇవ్వాలో తెలియలేదు. బోర్డు నిండా రాసేవాడు, పిల్లలు చూసి రాసుకునేవాళ్లు. గది నిశ్శబ్దంగా ఉండేది. చూడవచ్చిన అధికారులు బాగుందన్నారు.

ఒకసారి ఆ బడికి నేనే వెళ్లాను. 42లోంచి 17 తీసివేయమంటే సగం తరగతి 35 అని రాసింది. మీ మామ అన్నిటికీ ఎర్ర ఇంటూలు పెట్టుకుంటూ పోయాడు. ‘ఎందుకు 35 వచ్చిందిరా?’ అనడిగితే, ‘మొద్దులక్కా’ అన్నాడు. మొద్దులు కారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీశారు, ఐదొచ్చింది. నాలుగులోంచి ఒకటి తీశారు, మూడొచ్చింది. వాళ్లకు తెలిసినంతలో వాళ్లు చేసింది సబబే. నాలుగంటే నాలుగు పదులని ఎవరూ చేతికిచ్చి చూపలేదంతే. చీపురు పుల్లలు పది పదిగా కట్టలు కట్టించాను. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. ‘పదిహేడు ఇవ్వండి’ అన్నాను. కాసేపు బిక్కమొహాలు వేశారు. తర్వాత ఒక పిల్ల మెల్లగా ఒక కట్ట విప్పింది.

మీ మామ ఆ పుల్లల వైపు చూసి, ‘ఇది నాకెవరూ చెప్పలేదక్కా’ అన్నాడు. చెప్పారు. వాడు లేని రోజున చెప్పారు. టీచింగ్ ప్రాక్టీసంటే అదే కదా: వెనక బెంచీలో లెక్చరర్ కూర్చుని ఉండగా నువ్వు పాఠం చెప్పడం, చెప్పలేక తడబడటం, ‘ఆ పిల్లను ఎందుకు అడగలేదమ్మా’ అనిపించుకోవడం. తప్పు చేస్తే సరిచేసేవాళ్లు పక్కనుండేది ఆ రెండేళ్లే. ఉద్యోగమొచ్చాక గదిలో పెద్దమనిషివి నువ్వొక్కదానివే.

మీ మామ చెడ్డవాడు కాదు. తర్వాత నేర్చుకున్నాడు, ఆదివారాలు నా దగ్గరకొచ్చి నేర్చుకున్నాడు. కానీ వాడు నేర్చుకునేలోపు ఆ గదిలోంచి దాటిపోయిన పిల్లలున్నారు. వాళ్ల సంగతి వాడెప్పుడూ ఎత్తడు. నీకు చెప్పేటప్పుడు ర్యాంకు సంగతే చెబుతాడు.

బీఈడీ చేస్తే హైస్కూలు పోస్టులకూ, చిన్న తరగతుల పోస్టులకూ పనికొస్తుంది కదా అనే సలహా కూడా ఎవరో ఒకరు ఇస్తారు. 2018లో టీచర్ చదువుల నియమాలు పెట్టే ఎన్‌సీటీఈ అట్లా వీలు కల్పించిన మాట నిజమే. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఐదో తరగతి దాకా చెప్పాలంటే అందుకు తగిన శిక్షణే ఉండాలంది, కాబట్టి చిన్న తరగతుల టీచర్ పోస్టుకు, అదే ఎస్‌జీటీకి, డీఈఎల్ఈడీయే. అంత పెద్ద కోర్టు ఈ శిక్షణ వేరు అని చెప్పాక, ఆ శిక్షణకు పోకుండా కాగితం ఒక్కటే తెచ్చుకుంటానంటే నేనేమనాలి?

మీ మామ భయంలో అర్థం లేకపోలేదు. మన తెలంగాణలో 2017లో టీఆర్‌టీ (అప్పట్లో డీఎస్సీకి పెట్టిన పేరు) నోటిఫికేషన్ వచ్చాక, మళ్లీ నియామకాలు జరిగింది 2024లో, 11,062 పోస్టుల డీఎస్సీతో. మధ్యలో ఎంతమంది పిల్లలు ఎదురుచూసి వేరే పనుల్లోకి పోయారో నేను చూశాను. అందుకని టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో చిన్న తరగతులకు పెట్టే పేపర్-1ని తేలిగ్గా తీసుకోకు. 150కి బీసీలకు 75 వస్తే పాసే, కానీ ఆ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది. డీఈఎల్ఈడీ కాగానే డిగ్రీ కూడా మొదలుపెట్టు, దూరవిద్యలో అయినా సరే. కోచింగ్ వద్దనట్లేదు. శిక్షణ అయ్యాక ఒక ఏడాది పోయి కూర్చో, ఫీజు నేను కడతా. మీ అమ్మకు ఇప్పుడే చెప్పకు.

వెబ్ ఆప్షన్లలో ప్రభుత్వ డైట్‌లన్నీ పైన పెట్టు. హనుమకొండ దగ్గరని మొదట అదే పెడతావేమో, పెట్టు, కానీ దూరమని మెదక్ జిల్లా హవేలీ ఘనపూర్‌ను వదిలెయ్యకు. హాస్టల్ గురించి మీ అమ్మ ఏడుస్తుంది, నేను చూసుకుంటా. ప్రైవేటు కాలేజీ పెట్టక తప్పకపోతే ముందు దానికి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో చూడు. తర్వాత చెప్పాపెట్టకుండా ఒక మామూలు పనిదినాన అక్కడికి పో. క్లాసులో పిల్లలున్నారా, ప్రాక్టీసుకు ఏ బడికి పంపుతారు, అది చూడు. ‘రాకపోయినా ఫర్వాలేదమ్మా’ అని ఆఫీసులో ఎవరన్నా అన్నారా, ఇంకేం మాట్లాడకుండా బస్సెక్కి వచ్చెయ్.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు జాబితా నాకు వాట్సాప్‌లో పెట్టు. ఎంత రాత్రయినా చూస్తాను. మీ మామతో నువ్వేం వాదించకు, నేను మాట్లాడతా. ఈ ఆదివారం ఇంటికే వస్తున్నాడు.

మీ పెద్దమ్మ