ఈని ఏడాదైన మేకను మళ్లీ కట్టించకుండా పాలు తీసుకోవచ్చా?

ఈని పదకొండు నెలలైంది, రోజుకు రెండున్నర లీటర్లిచ్చేది లీటరున్నరకు దిగింది, కట్టించకపోతే (పోతుతో దాటించకపోతే) వట్టిపోతుందేమో అని కదా మీ టెన్షన్. వెంటనే కట్టించక్కర్లేదు. మంచి పాడి జాతి మేకలు చూలు లేకుండానే ఏడాదిన్నర, రెండేళ్లు కూడా పాలిస్తాయి. ఒక ఈతకు పాలిచ్చే కాలం 305 రోజులన్నది లెక్కల కోసం పెట్టుకున్న గడువే.

పాలు ఎప్పుడు తగ్గాయో గుర్తు చేసుకోండి. పగటి పొద్దు తగ్గే రోజుల్లోనా? అప్పుడు మేక ఎదకొస్తుంది, పాలూ జారతాయి. పొద్దు పెరిగాక చాలా మేకలు మళ్లీ పుంజుకుంటాయి. ఈ మధ్యలో కంగారుపడి పితకడం మానేస్తేనే నిజంగా వట్టిపోతుంది. రోజుకు రెండుసార్లు, ఒకే వేళకు, పొదుగు పూర్తిగా ఖాళీ అయ్యేలా పితకండి. పాలు మిగిలిపోతుంటే పొదుగు తయారీని తగ్గించేస్తుంది. నేనూ ఒకసారి బద్ధకించి ఒక్కపూటకు దించాను. పోయిన పాలు మళ్లీ రాలేదు!

దాణా పెంచేస్తే పాలు పెరుగుతాయనుకోకండి. ఈ దశలో అది చాలావరకు కొవ్వుగా మారుతుంది, ఒక్కసారిగా పెంచితే కడుపు పులుస్తుంది. మంచి మేత, నీళ్లు, ఖనిజ మిశ్రమం ముఖ్యం.

ఒక పక్కే తగ్గినా, పాలలో గడ్డలు కనిపించినా పొదుగువాపేమో డాక్టరుకు చూపించండి.

మొదటి ఈతలోనే పాలు త్వరగా జారిపోయిన మేకైతే మాత్రం కట్టించడమే మేలు. అప్పుడు ఈనడానికి రెండు నెలల ముందు పితకడం ఆపాలి.