దీవిల ఒంటరిగా అయిపోతనా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. ఎమ్మెస్సీ జువాలజీ అయిపోయింది. అండమాన్‌ల డిగ్లీపూర్ దగ్గర సముద్రపు తాబేళ్ల గుడ్లు కాపాడే పనికి ఆరు నెలలు వాలంటీర్‌గా సెలెక్ట్ అయిన, డిసెంబర్‌ల పోవాలె. ఉండుడు తినుడు వాళ్లే చూస్తరు, చేతికొచ్చేది తక్కువ. పని అంటే భయం లేదు గాని సాయంత్రాలు, ఆదివారాలు ఎట్ల గడుస్తయో అని రంది పట్టుకుంది. ఫ్రెండ్స్ దొరుకుతరా, ఆ పైసలతో నాలుగు దీవులు తిరగొచ్చా? మీరు అక్కడ ఉండొచ్చిన్రు కదా, చెప్పున్రి.

జవాబు: చెల్లె, నేను 2019 ఆగస్టుల పోయి 2020 ఫిబ్రవరి దాకా ఆ డిగ్లీపూర్‌లనే ఉన్న. నీకున్న రంది నాకూ ఉండె, మొదటి నెల అది నిజమే అయింది, ఎందుకంటే నేను నాతోని వచ్చిన వాలంటీర్ల రూమ్ దాటి బయటికే పోలే. వాన ఒకటే కురిసేది, నెట్ అసలు నడవకపోయేది (చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేసి 2020 ఆగస్టుల చాలు చేసిన్రు, ఇప్పుడు నీకు ఆ బాధ అంత ఉండదు), ఎంగిలిపూల బతుకమ్మ నాడైతే తలుపేసుకొని ఏడ్చిన. అప్పుడు మేమున్న ఇంటి ఓనరమ్మ, బెంగాలీ ఆమె, అందరం మాషీ అని పిలిచేది, ఏమైందే బిడ్డా అని హిందీల అడిగింది. బతుకమ్మ గురించి చెప్పిన. తంగేడు లేదు, గునుగు లేదు, ఏం పెట్టి పేరుస్తం అంటే ఆమె ఏం మాట్లాడకుండ పోయి పొద్దుగాల చాట నిండ మందారాలు, బంతిపూలు తెచ్చి నా ముందట పెట్టింది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ, వాళ్ల దుర్గాష్టమి ఒక్కనాడే వచ్చినయ్, అక్టోబర్ 6న. పూజ పందిరి పక్కనే బతుకమ్మను పెట్టి నేనొక్కదాన్నే చప్పట్లు మొదలుపెట్టిన, రెండు చుట్లు తిరిగేసరికి వాడకట్టు ఆడోళ్లంతా కలిసిన్రు, పాట రాకున్నా ఉయ్యాలో కాడ మాత్రం అందరి గొంతులు కలిసినయ్. ఆ తెల్లారి నుంచి నాకు ఊర్ల తలుపు తియ్యని ఇల్లు లేదు. అందుకే చెప్తున్న, ఎవరు రమ్మన్నా పో, చాయ్‌కి పిలిచినా పో. నువ్వు పొయ్యేది డిసెంబర్‌ల కాబట్టి క్రిస్మస్ ఉంటది. మాయాబందర్ దగ్గర వెబి అని కరెన్ వాళ్ల ఊరు ఉంది, 1925ల బర్మా నుంచి వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్నోళ్లు, నాతోని పనిచేసే పిల్ల వాళ్లింటికి తీస్కపోయింది, చర్చిల పాటలు విని అందరితోని కూసోని తిన్న. పోర్ట్ బ్లెయిర్‌ల అయితే (2024ల శ్రీవిజయపురం అని పేరు మార్చిన్రు) తెలుగోళ్లు మస్తుమంది, శ్రీకాకుళం వైపోళ్లు ఎక్కువ. మన యాస వాళ్లకు కొత్త, వాళ్లది మనకు కొత్త, అయినా బజార్ల తెలుగు మాట చెవుల పడంగనే కాళ్లు ఆగిపోతయి.

సాయంత్రాలంటవా, డిసెంబర్‌ల అయిదు దాటంగనే చీకటి పడుతది, తెల్లారుడు కూడా అయిదింటికే. నీ అసలు దోస్తులు రాత్రి డ్యూటీలనే దొరుకుతరు. కాలీపూర్ బీచ్ మీద ఫారెస్ట్ వాచర్లతోని నడుస్తవు, వాళ్లల్ల రాంచీ వైపు నుంచి తాతల కాలంల వచ్చినోళ్లు ఉంటరు, తెల్ల లైట్ వెయ్యద్దు, ఎర్ర లైటే, తాబేలు గుంత తవ్వేటప్పుడు ఊపిరి బిగబట్టి దూరంగ కూసోవాలె. ఒక్కో ఆలివ్ రిడ్లీ తాబేలు నూరు గుడ్ల దాక పెడ్తది, కుక్కలు తవ్వకుండ వాటిని హ్యాచరీకి మార్చి పూడుస్తరు, ఏడు వారాల తర్వాత పిల్లలు పైకొస్తయి. ఆ గుడ్ల కాడ రాత్రంతా కూసొని చెప్పుకున్న ముచ్చట్లు ఇన్నేండ్లయినా నాకు పోలే. అందులో ఒకాయన ఇప్పటికీ పండుగకు ఫోన్ చేస్తడు.

ఇగ తిరుగుడు. ముందు దగ్గరివి చూడు, పైసలు మిగుల్తయి. ఏరియల్ బే జెట్టీ నుంచి పడవెక్కితే రాస్, స్మిత్ దీవులు, నీళ్లు తగ్గినప్పుడు రెంటి నడుమ ఇసుక దారి తేల్తది, నడిచి పోవచ్చు. సాడిల్ పీక్ 732 మీటర్లు, అండమాన్‌ల అన్నిటికంటే ఎత్తు, వాన తగ్గినంక పొద్దున్నే బయలెల్లు. హేవ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) పోవాలంటే ప్రైవేట్ బోట్ల కంటే సర్కార్ బోటు మస్తు చౌక, టికెట్ ముందే తీస్కో. ప్లాన్ మాత్రం ఎప్పుడూ ఒక రోజు వదులుగా పెట్టుకో, నవంబర్‌ల వాయుగుండం పడ్డప్పుడు బోట్లు ఆగి నేను నాలుగు రోజులు ఇరుక్కున్న, జెట్టీ కాడ చాయ్ హోటలామె తన ఇంట్ల చాపేసి పండబెట్టింది. వాగుల్ల, మడ అడవుల కాడ మొసళ్లుంటయి, ఊరోళ్లను అడగకుండ నీళ్లల్ల దిగకు.

ఒక్కటి గట్టిగ చెప్తున్న. పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్ బస్సు జరావాలు అనే అక్కడి ఆదివాసుల అడవిల నుంచే పోతది, బండ్లన్నీ వరుసగా కాన్వాయ్‌ల పోవాలె, ఆపొద్దు, ఫోటో తియ్యద్దు, ఏమీ ఇయ్యద్దు. పక్క సీటాయన ఫోన్ పైకెత్తితే వద్దని చెప్పు. వాళ్ల ఇంట్ల నుంచి పోతున్నం మనం, చూసి పోయేటందుకు వాళ్లేం బొమ్మలు కాదు.

ప్రశ్న: మాది జగిత్యాల. మా కొడుకు గూడ అండమాన్‌లనే ఓ బడిల వాలంటీర్. ఫోన్ చేసుడు తక్కువైంది. పండుగకు కూడా రానంటుండు. మేమే పోవాల్నా?

జవాబు: పోవచ్చు అమ్మా, చెన్నై నుంచి విమానం రెండు గంటల పైచిలుకు, ఓడ అయితే దాదాపు మూడు రోజులు, వైజాగ్ నుంచి కూడా ఓడలు నడుస్తయి. బడిపిల్లలతోని కలిసిపోయి ఫోన్ మరిచిండేమో, నేను గూడ మా అమ్మకు వారానికోసారే చేసేది. అప్పటిదాక సంక్రాంతికి సకినాలు పంపున్రి, స్పీడ్ పోస్ట్‌ల పోతయి, మా అమ్మ పంపినయి కొన్ని విరిగినా రుచి పోలే. ఒక్కనికి సరిపోను కాదు, డబ్బా నిండ పెట్టున్రి, నాకొచ్చిన డబ్బా మాషీ ఇంట్ల అరగంటల అయిపోయింది, ఎట్ల చుట్టాలె అని ఆమె ఆ రాత్రే మా అమ్మకు ఫోన్ చేయించింది.