ఖాళీ నెలను లెక్కలో వేశారా?

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగస్తులం, ఉండటానికి సొంత ఇల్లుంది. అద్దెకివ్వడానికి ఇంకో ఫ్లాట్ కొందామని మావారు పట్టుబడుతున్నారు. ధరలో 80 శాతం లోన్, 20 ఏళ్ల గడువు, 9 శాతం వడ్డీ. అద్దె ఏడాదికి ధరలో 4 శాతం దాకా వస్తుందట, దాంతోనే ఈఎంఐ వెళ్లిపోతుందని ఆయన ధీమా. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. ఫ్లాట్ ధర 100 అనుకోండి, లెక్క తేలికవుతుంది. 80 అప్పుకి మీరు చెప్పిన వడ్డీ మీద ఏడాది ఈఎంఐలు కలిపి సుమారు 8.64. వచ్చే అద్దె 4. అంటే ఏడాదంతా ఒక్కరోజు ఖాళీ లేకపోయినా, ఒక్క రిపేరూ రాకపోయినా సగం కూడా తీరదు. పైగా ఆ 4 మొత్తం చేతికి రాదు. ఏడాదికి ఒక నెల ఖాళీ పడిందనుకుంటే 3.67, అందులోంచి ఇంటి పన్ను, ఇన్సూరెన్స్, రంగులు, ఎప్పుడు కాలుతుందో తెలియని మోటారు, ఇవన్నీ పోను 3 మిగిలితే సంతోషించాలి, అద్దె మీద కట్టాల్సిన ఆదాయపు పన్ను నేనింకా కలపలేదు. ఆ 3 తో తీరే అప్పు ఎంతో తెలుసా? 28 లోపే. మిగతాదంతా మీ జీతాల్లోంచే.

ధర పెరుగుతుంది కదా అంటారు మీవారు. పెరగొచ్చు. కానీ పెరిగిన ధరతో నెలవాయిదా కట్టలేం, అవసరం పడిందని ఒక్క బెడ్‌రూమ్ విడిగా అమ్ముకోనూ లేం.

ఇంకో సంగతి. ఈ లోన్‌లో మొదటి ఈఎంఐని ఆరు భాగాలు చేస్తే ఐదు వడ్డీకే పోతాయి, అసలులో తగ్గేది ఒక్క భాగం. ఇక వడ్డీ 9 నుంచి 10కి పెరిగిందనుకోండి, చాలాసార్లు ఈఎంఐ అలాగే ఉంచి గడువు పొడిగిస్తారు. మొదట్లోనే అలా జరిగితే 20 ఏళ్ల లోన్ కాస్తా 26 ఏళ్లు దాటుతుంది, నెలనెలా అదే మొత్తం పోతుంటుంది కాబట్టి చాలామంది గమనించరు కూడా. లోన్ కాగితాల మీద సంతకం పెట్టేముందే వడ్డీ పెరిగితే ఏది పెంచుతారో అడిగి రాయించుకోండి.

కొనొద్దనడం లేదు. 80 బదులు 50 అప్పుతో వెళ్లగలిగితే ఏడాది వాయిదాలు 5.4, అద్దె 3 పోను మీరు వేసుకోవాల్సింది 2.4. అది మోయదగ్గ బరువే. అంత చేతిలో లేకపోతే చిన్న ఫ్లాట్ చూడండి, లేదా రెండేళ్లు ఆగండి. ఏది చేసినా ఆరు నెలల ఈఎంఐలు విడి ఖాతాలో పెట్టాకే అడ్వాన్స్ ఇవ్వండి. మీ ఇద్దరిలో ఒకరి జీతం ఆగి, అదే నెలలో ఫ్లాట్ ఖాళీ అయితే ఎలా నడుస్తుందో ఈ రాత్రి ఆయనతో కూర్చుని కాగితం మీద వేయించండి.

ప్రశ్న: మా ఇంట్లో అద్దెకున్నవాళ్లు రెండేళ్లుగా ఒకటో తారీఖుకల్లా డబ్బు వేస్తున్నారు. చుట్టుపక్కల రేట్లు పెరిగాయని 10 శాతం పెంచమంటే ఖాళీ చేస్తామంటున్నారు. పోనివ్వనా?

జవాబు: పోనిస్తే ఏమవుతుందో చూడండి. కొత్తవాళ్లు దొరికేలోపు ఒక్క నెల ఖాళీగా ఉన్నా, 10 శాతం ఎక్కువకి 11 నెలలు, అంటే పాత అద్దె ప్రకారం 12.1 నెలల డబ్బు. వీళ్లే ఉంటే 12. ఇంత గొడవకీ మీకు మిగిలేది మూడు రోజుల అద్దె! దానికి ఎదురు రంగులు వేయించాలి, బ్రోకరుకిచ్చుకోవాలి. రెండు నెలలు ఖాళీ పడితే 11 నెలల అద్దే వస్తుంది. ఎంత వరకైతే ఉంటారో అడిగి 4, 5 శాతం దగ్గర తెంచేసుకోండి, ఒప్పందంలో వచ్చే ఏటి పెంపు కూడా ఇప్పుడే రాసుకోండి. టైముకి డబ్బు ఇచ్చేవాళ్లని వదులుకుని తర్వాత వెతుక్కోవడం నాకైతే తెలివైన పనిలా అనిపించదు.

ప్రశ్న: మొదటిసారి ఇల్లు అద్దెకిస్తున్నాం. తెలిసినవాళ్లే, అగ్రిమెంట్ అవసరమా?

జవాబు: తెలిసినవాళ్లయితే మరీ అవసరం, ఎందుకంటే తర్వాత అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. తాళాలిచ్చే రోజు ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి ఫోన్లో వీడియో తీయండి, కరెంటు మీటరు అంకెలు కనబడాలి. వంటింటి సింకు కింద తలుపు తీసి మరీ తీయండి. నేను తీయలేదు. వాళ్లు ఖాళీ చేశాక చూస్తే పైపు చెమ్మకి లోపలి చెక్కంతా ఉబ్బిపోయి తలుపు పట్టడం లేదు, కారడం ఎప్పుడు మొదలైందో వాళ్లూ చెప్పలేరు, నేనూ చెప్పలేను, డిపాజిట్‌లోంచి కోయడానికి నా దగ్గర ఒక్క ఆధారం లేదు. చెక్క మార్పించిన ఖర్చు నేనే పెట్టుకున్నాను.