సెటప్‌లో డిస్క్ కనిపించకపోతే

టెన్షన్ పడకండి, మీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లన్నీ ఉండే డిస్క్) పాడవలేదు. పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11 మళ్లీ వేయబోతే, ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలో అడిగే చోట జాబితా ఖాళీగా వస్తోందన్నారు. కానీ బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరిచే సెట్టింగుల తెరలో) అదే ఎస్ఎస్‌డీ కనిపిస్తోందనీ రాశారు. అసలు క్లూ అదే. మీది ఇంటెల్ 11వ తరం ల్యాప్‌టాప్ కదా, వాటిలో చాలావరకు స్టోరేజీ వీఎండీ అనే కంట్రోలర్ వెనక ఉంటుంది. దాన్ని విండోస్ గుర్తించేలా చేసే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ సెటప్‌లో లేకపోతే డిస్క్ దొరకదు.

మీ మోడల్‌కి తయారీదారు సైట్‌లో ఉన్న ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను వేరే కంప్యూటర్‌లో దించుకోండి. దాన్ని తప్పకుండా ఎక్స్‌ట్రాక్ట్ చేసి (లోపలి ఫైళ్లు బయటికి తీసి), ఆ ఫోల్డర్‌ను అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. నేను మొదటిసారి ఈఎక్స్ఈ ఫైల్‌ను అలాగే కాపీ చేసి రెండు గంటలు కొట్టుకున్నాను. సెటప్‌కి కావాల్సింది లోపలి ఐఎన్ఎఫ్ ఫైల్. ఆ ఖాళీ జాబితా దగ్గరే 'లోడ్ డ్రైవర్' నొక్కి ఫోల్డర్ చూపిస్తే డిస్క్ వచ్చేస్తుంది.

బయోస్‌లో వీఎండీ ఆపేసినా పని జరుగుతుంది కానీ, నేనైతే డ్రైవర్ దారే పడతాను.

ఒక్క మాట, పార్టిషన్లు (డిస్క్‌లోని భాగాలు) డిలీట్ చేసేముందు ఫొటోలు, ఫైళ్లు వేరేచోట భద్రపరిచారా? అవి పోతే తిరిగి రావడం కష్టమండీ.