మెల్లకన్ను ఆపరేషన్‌కు డేట్ తీసుకునే ముందు

చి.సౌ. శ్రావణికి పెద్దమ్మ దీవెనలు.

చిన్నోడి కంటికి ఈ నెలలోనే ఆపరేషన్ చేయించేయాలని ఉందని మీ అమ్మ చెప్పింది. "మెల్లకన్ను అదృష్టం, పెద్దయితే అదే సర్దుకుంటుంది" అనేవాళ్ల మాట విననందుకు సంతోషం. పుట్టిన ఆరు నెలల్లోపే వచ్చిన పెద్ద మెల్ల అయితే నేనూ రెండేళ్లలోపే చేయించమనేదాన్ని. వీడికి మొదలైంది మూడేళ్లు దాటాక, పైగా ప్లస్ పవర్ (దూరదృష్టి) ఉంది. కాబట్టి ముందు కళ్లజోడు సంగతి తేల్చుకోవాలి.

ప్లస్ పవర్ ఉన్న పిల్లలు స్పష్టంగా చూడాలని కంటిని బిగబడతారు. ఆ బిగువుకే కన్ను ముక్కువైపు వెళ్తుంది. అసలు పవర్ దొరకాలంటే ఆ బిగువు వదిలించే అట్రోపిన్ లాంటి మందు కంట్లో వేసి చూడాలి. మందు వేశాక ఒళ్లు కాలినా, ముఖం ఎర్రబడినా ఆపేసి డాక్టరుకు చెప్పు. జోడు వచ్చాక నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ముక్కు మీదే ఉండాలి. రెండు నెలలు అలా పెట్టాక, జోడుతో కూడా ఇంకా ఎంత మెల్ల మిగిలిందో దానికే ఆపరేషన్. జోడు తీసి కనిపించే మెల్లంతటికీ చేయిస్తే, తర్వాత కన్ను బయటికి తిరిగిపోతుంది.

రెండోది సోమరి కన్ను. ఒక కంటి చూపు మందంగా ఉంటే రెండు కళ్లనూ కలిపి నిలబెట్టే పని మెదడు చేయదు, సరిచేసిన కన్ను మళ్లీ జారుతుంది. మందంగా ఉన్న కంటికి పని పడేలా, మంచి కన్నును మూసే ప్యాచ్ రోజూ రెండు గంటలు, చూపు బాగా తక్కువైతే ఆరు గంటలు వేయమంటారు. దాన్ని జోడు అద్దానికి కాదు, చర్మానికే అతికించు. ముక్కు పక్కన కాస్త సందున్నా గడ్డం ఎత్తి అందులోంచి చూసేస్తారు.

ఇక కొలత. ఫలితం చాలావరకు ఇక్కడే తేలుతుంది. మెల్లను ప్రిజం డయాప్టర్లలో కొలుస్తారు. 25 డయాప్టర్ల మెల్లకు రెండు కళ్లలోనూ ముక్కువైపు కండరాన్ని సుమారు 4 మిల్లీమీటర్లు వెనక్కి జరుపుతారు, 35కి 5. అంటే అర మిల్లీమీటరుకు ఐదు డయాప్టర్ల తేడా! కొలత తప్పితే ఎంత మంచి సర్జనైనా ఏం చేయగలడు? అందుకే జోడు పెట్టుకునే, దూరానికీ దగ్గరకీ విడివిడిగా, వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు కొలవాలి. అంకెలు కలవకపోతే ఆగడమే మంచిది. కొలతకు వెళ్లే రోజు వాణ్ణి బాగా నిద్రపోనిచ్చి, కడుపునిండా పెట్టి తీసుకెళ్లు. ఏడ్చే పిల్లాడి కొలత లెక్కలోకి రాదు.

ఆపరేషన్ రోజు జలుబు, దగ్గు ఉంటే దాచకు, మత్తుకు అది ప్రమాదం. తర్వాత రెండు మూడు వారాలు కన్ను ఎర్రగా ఉంటుంది, భయపడకు. తలస్నానం నీళ్లు కంట్లో పడనీయకు. కానీ కన్ను ఒకవైపు అసలు తిరగకపోయినా, రెప్పలు వాచి జ్వరం వచ్చినా, చూపు మసకబారినా ఆ రోజే తీసుకెళ్లు.

జోడు ఆపరేషన్‌తో పోదు, ప్యాచ్ కూడా డాక్టరు ఆపమనేదాకా వేయాలి. నేరుగా చూసినప్పుడు పది డయాప్టర్లలోపు మెల్ల మిగిలినా ఫలితం బాగున్నట్టే లెక్క. కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుందని ఇప్పుడే మనసులో పెట్టుకో.

వచ్చే చెకప్‌కు జోడుతో ఒక ఫోటో, జోడు లేకుండా ఒకటి తీసి పట్టుకెళ్లు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ